పాట పాడారంటే డబ్బు కట్టాలండి

మొక్కలు అమ్మే ఆన్‌లైన్ గ్రూపుల్లో వేలంపాట పాడి, గెలిచి, ఆ తర్వాత డబ్బు కట్టకుండా, ఫోను ఎత్తకుండా తిరిగేవాళ్ల గురించి రాస్తున్నాను. పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ఎవరి పేరూ రాయను. ఈ పని చేసినవాళ్లు చదివితే మాత్రం ఇది తమ గురించేనని వాళ్లకి తెలియాలి.

మాది కడియం పక్క పల్లెటూరు. కడియపులంక, వేమగిరి వైపు ఎప్పుడైనా వచ్చినవాళ్లకి తెలుసు, రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. పెద్ద నర్సరీల వాళ్లకి లారీల్లో లోడు వెళ్తుంది, వాళ్ల లెక్కలు వేరు. మాలాంటివాళ్లం ఇంటి వెనకాల నాలుగు సెంట్లలో షేడ్‌నెట్ (నీడ కోసం వల) వేసుకుని అడీనియం అంటుమొక్కలు (దుంపలాంటి లావు మొదలుండే పూలమొక్కలు), అగ్లోనిమాలు (రంగుల ఆకుల మొక్కలు) పెంచుకుంటాం. మా మావయ్యగారు అంటు కడతారు, నేనూ మా తోటికోడలూ ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడతాం. అడీనియంలో ఏ రెండు మొక్కలూ ఒక్కలా ఉండవు. దుంప ఎలా తిరిగింది, కొమ్మలు ఎటు వెళ్లాయి, అంటు ఎంత శుభ్రంగా అతుక్కుంది అన్నదాన్ని బట్టి ఒకటి నాలుగొందలు పలుకుతుంది, దాని పక్కదే రెండువేలు పలుకుతుంది. ఆ ధర నేను కూర్చుని నిర్ణయించేకంటే, కావాలనుకున్న నలుగురూ తేల్చుకోవడమే న్యాయం. పాట పెట్టేది అందుకే.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఫోటో, మొదటి రేటు, ఎంత చొప్పున పెంచాలి, ఎన్నింటికి ముగుస్తుంది, కొరియర్ ఖర్చు ఎవరిది, అన్నీ పైనే రాసి ఉంటాయి. కింద కామెంట్లలో పాడతారు. టైమయ్యాక ఎవరిది హెచ్చు పాటో వాళ్ల పేరు రాసి ముగించేస్తాం. అంతవరకూ బాగానే ఉంటుంది. "నాకే రావాలండీ ఇది" అని రాస్తారు, దండం బొమ్మలు పెడతారు. ముగిశాక మెసేజ్ పెడితే రెండు టిక్కులు పడతాయి, నీలం రంగులోకి మారతాయి, జవాబు ఉండదు.

ఇంకొందరు జవాబిస్తారు. ఇంట్లో వద్దన్నారండి అంటారు. జీతం పడ్డాక కడతానండి అంటారు. బాబు ఫోనుతో ఆడుకుంటూ నొక్కేశాడండి అంటారు. బాబు నొక్కితే ఒక అంకె పడుతుందేమో. గంటసేపు ఒక్కో యాభై పెంచుకుంటూ పోటీగా పాడింది బాబు కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎందుకండీ పిల్లాడి మీదకి నెట్టడం?

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇంకో రకం. ఒకే రాత్రి మూడు గ్రూపుల్లో ఒకే రకం మొక్కకి పాడతారు. మూడుచోట్లా గెలుస్తారు. ఎక్కడ తక్కువకి వచ్చిందో అక్కడ కట్టి, మిగతా ఇద్దరినీ వదిలేస్తారు. ఇది మర్చిపోవడం కాదు, ఇబ్బందీ కాదు. తెలిసి చేసే పని. వదిలేసిన ఆ ఇద్దరిలో ఒకరు నాలాంటివాళ్లు అయి ఉంటారు.

"పోనీలేండి, మొక్క మీ దగ్గరే ఉందిగా, మళ్లీ అమ్ముకోండి" అంటారు. అడీనియం ఎలా పంపిస్తామో చూడనివాళ్లు అనే మాట అది. కుండీని పక్కకి వాల్చి చుట్టూ మెల్లగా తట్టి, దుంపకి గీత పడకుండా మొక్కని బయటికి తీయాలి. వేళ్ల మధ్య మట్టిని చేత్తోనే విదిలించాలి. పుల్లతో గెలికితే సన్నవేళ్లు తెగుతాయి, తెగినచోటే కుళ్లు మొదలవుతుంది. తీసీ తీయగానే పెట్టెలో పెట్టకూడదు. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. తెగిన మొనల మీద ఎండు పొర కట్టిందాకా ఆగాలి. తడి వేరుతో మూసిన పెట్టెలో రెండు రోజులుంటే దుంప మెత్తబడిపోతుంది, నొక్కితే వేలు దిగుతుంది. మా కాలవగట్ల దగ్గర గాలిలోనే తేమ, వర్షాకాలమైతే ఆరడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఆరాక న్యూస్‌పేపరు చుట్టి, కొమ్మల మధ్య కాగితం ఉండలు కూరి, అట్టపెట్టెలో కదలకుండా బిగించి సోమవారం కొరియర్‌లో వేయాలి. వారం చివర్లో వేస్తే ఆదివారం ఎక్కడో గోడౌన్‌లో ఉండిపోతుంది.

అంటే సోమవారం వెళ్లాల్సిన మొక్క శనివారమే కుండీలోంచి బయటికి రావాలి. శుక్రవారం రాత్రి పాట గెలిచి, అడ్రసు పంపి, "పొద్దున్నే కడతానండి, సోమవారానికి పంపేయండి" అన్నాయన శనివారం సాయంత్రానికి నంబరు బ్లాక్ చేస్తే ఆ మొక్క ఏమవ్వాలి? మళ్లీ కుండీలో పెడితే వెంటనే నీళ్లు పోయకూడదు. ఆకులు రాల్చేస్తుంది. మొగ్గలు నిలవవు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఫోటోలో చూసిన మొక్క ఇక అది కాదు. అదే ఫోటోతో వచ్చే వారం మళ్లీ పాటకి పెడితే అది నేను చేసే మోసం అవుతుంది. పెట్టను.

డబ్బు పడ్డాకే మొక్క తీస్తామంటే, పాట గెలిచి ఒకరోజు అటూ ఇటూగా కట్టే మంచివాళ్లకి కూడా ఒక వారం ఆలస్యం. ఒకళ్లిద్దరు కట్టనందుకు మాట మీద నిలబడి కట్టేవాళ్లు కూడా ఎదురుచూడాలి.

నష్టం మాతో ఆగదు. కిందటి వానాకాలం ఒక ముద్దపువ్వు అంటు పెట్టాం, ముదురు ఎరుపు, అంచుల్లో నలుపు. హెచ్చు పాట 2,650. రెండో ఆయన 2,600 దగ్గర ఆగారు. గెలిచినాయన మాయం. రెండో ఆయన తాడేపల్లిగూడెంలో రిటైరైన మేష్టారు. ఆయనకి ఫోన్ చేసి, "మేష్టారూ, మీరు పాడిన రేటుకి తీసుకుంటారా?" అని అడిగాను.

"నన్ను 2,600 దాకా ఎక్కించింది ఆయనే కదమ్మా," అన్నారు మేష్టారు. "ఆయన కట్టే మనిషే కానప్పుడు, నాతో నిజంగా పోటీకి నిలబడింది ఆ మూడో అమ్మాయి. ఆవిడ 1,400 దగ్గర ఆగిపోయింది. చూసుకో."

కామెంట్లు మళ్లీ మొదట్నుంచి చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1,450కి ఇచ్చేశాను. మా తోటికోడలికి నచ్చలేదు, మేష్టారు తన నోటితో తాను 2,600 అన్నారు కదా అంటుంది ఇప్పటికీ. నా లెక్కలో మేష్టారిదే న్యాయం. కట్టనివాడు పెంచిన రేటు రేటే కాదు.

ఆ తర్వాతే అసలు బాధ. గ్రూపులో ఎవరో రాశారు, "ఆ 2,650 పాడింది వాళ్ల మనిషే అయ్యుంటాడు, రేటు పెంచడానికి" అని. ఆ మాటకి నేను ఏ సాక్ష్యం చూపించాలి? ఎవరో తెలియని మనిషి పాడి పారిపోతే, దొంగ పాట పాడించారన్న పేరు మా ఇంటికి వచ్చింది. డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు. ఇన్నేళ్లుగా ఒక్కో కొరియర్‌తో కూడబెట్టుకున్న నమ్మకాన్ని ముక్కూమొహం తెలియనివాడు తన్నేసి పోయాడు.

దొంగ పాటలు పాడించే అమ్మకందార్లు లేరని నేననను. ఉన్నారు. తమ్ముడి ఫోన్లోంచి, స్నేహితురాలి ఫోన్లోంచి పాడిస్తారు. అలాంటివాళ్లను వెనకేసుకొచ్చే పని నాకు లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 64వ సెక్షన్ వేలంపాటల గురించే. అమ్మేవాడు దొంగ పాటతో రేటు పెంచితే, కొన్నవాడు ఆ అమ్మకాన్ని కాదనవచ్చని అందులో ఉంది. కొనేవాళ్లకి ఆ రక్షణ ఉండాల్సిందే.

అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, అది కూడా చదవండి. పాట ముగిసిందని ప్రకటించేలోపు ఎవరైనా తమ పాటని వెనక్కి తీసుకోవచ్చు. సుత్తి దెబ్బతోనో, వాడుకలో ఉన్న మరో పద్ధతిలోనో ముగిసిందని ప్రకటించాక అమ్మకం అయిపోయినట్టే. ఫోన్లో కుదిరిన ఒప్పందం కదా, లెక్కలోకి రాదనుకోకండి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరినంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలో 10ఎ సెక్షన్ చెబుతోంది. త్వరగా పాడైపోయే సరుకైతే, కట్టాల్సిన డబ్బు తగిన సమయంలో కట్టకపోతే అమ్మినవాళ్లు వేరేవాళ్లకి అమ్ముకుని, వచ్చిన నష్టాన్ని మొదటివాడి దగ్గర అడగవచ్చని వస్తు విక్రయ చట్టంలోనే 54వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ ఉన్నాయి. కానీ వెయ్యి రూపాయల మొక్క కోసం వకీలు దగ్గరికి ఎవరు వెళ్తారు? వెళ్లరని తెలిసే ఈ ధైర్యం.

మన గోదావరి జిల్లాల వాళ్లకి పాట కొత్తా? రేవు పాట, చెరువు పాట, గుళ్లో కొబ్బరికాయల పాట చూస్తూ పెరిగాం. రావులపాలెంలో అరటి గెలలకి పాట. యానాంలో పులస వస్తే పాట. చేప ఎదురుగా ఉంటుంది, మనిషి ఎదురుగా ఉంటాడు, అందరూ చూస్తూ ఉంటారు. పాడి వెనక్కి తగ్గితే మర్నాడు అదే రేవులోకి ఏ మొహంతో వస్తాడు? నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (గోదావరి దాటించే పడవ) తిప్పుకోవాలంటే పద్ధతి కాయితాల మీద ఇంకా గట్టిగా ఉంటుంది. పాట పాడేవాడు ముందు ధరావతు (డిపాజిట్) కట్టాలి. కట్టనివాడికి పాడే అర్హతే లేదు. పాట దక్కనివాళ్లకి ఆ డబ్బు వెనక్కి వస్తుంది. దక్కినవాడు గడువులో మిగతాది కట్టకపోతే ధరావతు పోతుంది, మళ్లీ పాట పెడతారు. మన తాతల కాలం నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అదే మనుషులం ఫోన్లోకి రాగానే, మొహం కనపడదు కాబట్టి మాటకి విలువ లేకుండా పోయింది.

బయట ఏం చేస్తారో కూడా చూశాను. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో పాట గెలిచినవాళ్లకి నాలుగు రోజుల గడువు. దాటితే అమ్మినవాళ్లు డబ్బు కట్టలేదన్న కారణంతోనే ఆర్డరు రద్దు చేసుకోవచ్చు. రెండో పాటదారుకి ఆయన పాడిన రేటుకే ఇవ్వజూపే వీలూ ఉంది. అయితే 2008 నుంచి అక్కడ అమ్మేవాళ్లు కొన్నవాళ్ల గురించి చెడ్డ రేటింగ్ ఇవ్వడానికి లేదు, ఆ విషయంలో వాళ్లకీ చేతులు కట్టేసినట్టే. మన దేశంలో ఈబే సైటు 2018లో మూతపడింది. మనకి మిగిలినవి ఈ గ్రూపులు. ఇక్కడ గడువు లేదు, రికార్డు లేదు. ఒక గ్రూపులోంచి తీసేస్తే ఇంకో పేరుతో ఇంకో గ్రూపులోకి వస్తారు.

కొందరు అడ్మిన్లు ఎగ్గొట్టినవాళ్ల ఫోటో, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు గ్రూపులో పెట్టేయమంటున్నారు. నేను ఒప్పుకోను. పెట్టకూడదు. నంబరు బయటపడ్డ ఆడపిల్లకి ఎలాంటి ఫోన్లు వస్తాయో నాకు తెలుసు. వెయ్యి రూపాయలు ఎగ్గొట్టినందుకు ఆ శిక్ష ఎవరికీ తగదు. అడ్మిన్ల మధ్య పేర్లు పంచుకోండి, చాలు. వాళ్లని పాడనివ్వకండి.

నిజంగా కష్టమొచ్చినవాళ్ల మీద నాకే కోపమూ లేదు. ఒకావిడ పాట గెలిచిన గంటలోనే ఫోన్ చేసి, "మా నాన్నగారిని హాస్పిటల్లో చేర్చామమ్మా, నేను తీసుకోలేను, ఏమీ అనుకోకు" అన్నారు. మొక్క ఇంకా కుండీలోనే ఉంది, ఏం నష్టం జరగలేదు. మర్నాడే రెండోవాళ్లకి ఇచ్చేశాను. ఆవిడ ఇప్పటికీ మా దగ్గర కొంటారు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేదానికి నంబర్లు బ్లాక్ చేయడం దేనికి?

డబ్బు కట్టినట్టు దొంగ స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లకి ఒక మాట. యూపీఐలో డబ్బు కడితే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి గుర్తు) వస్తుంది. ఆ నంబరూ, మా బ్యాంకు ఖాతాలో పడిన డబ్బూ రెండూ సరిపోవాలి. పచ్చరంగు టిక్కు బొమ్మ చూసి మొక్క పంపే రోజులు పోయాయి.

ఇక నుంచి మా పాటలకి ధరావతు ఉంటుంది. వంద రూపాయలు. పాట మొదలయ్యేలోపు యూపీఐలో కట్టినవాళ్లే పాడాలి. దక్కనివాళ్లకి ఆ రాత్రే వెనక్కి పంపిస్తాం, దక్కినవాళ్లకి బిల్లులో తగ్గిస్తాం. గడువు మర్నాడు మధ్యాహ్నం పన్నెండు. కట్టకపోతే ధరావతు పోతుంది, మొక్క రెండోవాళ్లకి వెళ్తుంది, అదీ మేష్టారి లెక్క ప్రకారమే: కట్టనివాడి పాటలన్నీ కొట్టేసి, మిగిలినవాళ్ల మధ్య ఎంత దగ్గర ఆగిందో అక్కడి నుంచి. మా వైపు నుంచి మా ఇంట్లోవాళ్లు గానీ, మాకు తెలిసినవాళ్లు గానీ పాడరు. పాడినట్టు ఎవరైనా చూపిస్తే ఆ మొక్క ఉచితంగా పంపిస్తాను.

వంద ఎక్కువంటారా, తక్కువంటారా? రెండువేల మొక్కకీ నాలుగొందల మొక్కకీ ఒకటే ధరావతు ఉండాలా, వేరువేరుగా ఉండాలా అన్నది నేనింకా తేల్చుకోలేదు. పాటలు పెట్టేవాళ్లు, పాడేవాళ్లు ఇద్దరూ కింద చెప్పండి. శుక్రవారం పాటకి ముందే ఖాయం చేస్తాను.