సీపీయూ గారికి వడదెబ్బ

కంప్యూటర్ క్యాబినెట్‌కు ముందువైపు అద్దం బిగించాలని మొదట అనుకున్న మహానుభావుడు ఏ ఊరివాడైనా సరే, మే నెల మిట్టమధ్యాహ్నం ఒంగోలు బస్టాండులో బస్సు దిగినవాడు మాత్రం కాడు. గాలి లోపలికి రావాల్సిన చోట అద్దం. అద్దం వెనక మూడు ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లకు ఏడు రంగుల లైట్లు. ముక్కూ నోరూ మూసేసి, పైన సీరియల్ సెట్లు చుట్టి ఊరేగించడాన్ని గేమింగ్ అంటారని ఈ వేసవిలోనే నాకు తెలిసింది.

మావాడు బీటెక్ రెండో ఏడు. కంప్యూటర్ కావాలన్నాడు, సరే కొనుక్కోమన్నాను. "కొనేది కాదు నాన్నా, బిల్డ్ చేస్తా" అన్నాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు ఈ మూడోది తట్టలేదు పాపం. బోర్డు ఒకచోట నుంచి, ప్రాసెసర్ ఒకచోట నుంచి, గ్రాఫిక్స్ కార్డు ఇంకోచోట నుంచి తెప్పించుకున్నాడు. క్యాబినెట్ మాత్రం కళ్లతో చూసి కొనాలని నన్ను ట్రంకు రోడ్డు పక్క సందులో ఉన్న షాపుకు లాక్కెళ్లాడు.

అక్కడ రెండు రకాలున్నాయి. ఒకదానికి ముందంతా సన్న చిల్లుల జాలీ, మా అమ్మమ్మ పాలూ పెరుగూ పెట్టుకునే జాలీ బీరువాలా ఉంది. రెండోది అద్దాల మేడ. మావాడి మనసు మేడ మీద పడింది.

"గాలి ఎట్టా పోద్దయ్యా దీంట్లోకి?" అని అడిగాను.

"పక్కన గ్యాప్ ఉంది సార్."

చూశాను. చిటికెన వేలు పట్టలేదు.

"మరి వేడెక్కితే?"

"ఇంకో రెండు ఫ్యాన్లు వేసుకోండి సార్."

ఈ జవాబును పాఠకులు ఒకటికి రెండుసార్లు చదవాలని మనవి. దాహమేస్తోందంటే ఇంకో రెండు ఖాళీ గ్లాసులు తెచ్చి ముందు పెట్టడం ఇది. అప్పటికే ఉన్న మూడు ఫ్యాన్లూ అద్దానికి ముక్కు ఆనించి గాలి కోసం తిరుగుతున్నాయి. ఇంకో రెండొస్తే ఐదూ కలిసి తిరుగుతాయి.

నిజానికి ఇందులో పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదు. ఫ్యాన్ గాలిని జరుపుతుందే గానీ చల్లబరచదు. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి హీట్‌సింక్ అనే లోహపు రేకుల కట్టకు ఎక్కుతుంది. ఆ రేకుల మీదుగా గదిలోని గాలిని తోలితే ఆ వేడి కొట్టుకుపోతుంది. అంతే. గది 22 డిగ్రీలున్నప్పుడు 70 దగ్గర ఆగిన ప్రాసెసర్, గది 40కి చేరితే అదే పనికి 88 దాకా పోతుంది. వేలకు వేలు పోసి లిక్విడ్ కూలర్ పెట్టుకున్నా ఇదే లెక్క, ఎందుకంటే ఆ గొట్టాల్లో నీళ్లను చల్లబరిచేదీ ఆ గది గాలే. మావాడు చూసే వీడియోల్లో దొరలు స్వెట్టర్ వేసుకుని కూర్చుని, ఈ క్యాబినెట్‌లో టెంపరేచర్లు బాగున్నాయని సర్టిఫికెట్ ఇస్తుంటారు. స్వెట్టర్ వేసుకున్నవాడి మాట నమ్మి రోహిణి కార్తెలో సామాను కొనేవాడికి ఏం చెబుతాం?

మన జిల్లాకు ఈ శాస్త్రం కొత్తా కాదు. ఒంగోలు గిత్తను చూడండి. మెడ కింద వేలాడే గంగడోలు, మడతలు పడిన వదులు చర్మం, ఇవన్నీ ఒంటికి గాలి తగిలే మేరను పెంచేవే. హీట్‌సింక్‌కు అన్ని రేకులు పెట్టిందీ అందుకే. ఎండకు తట్టుకుంటాయనే గదా, బ్రెజిల్ వాళ్లు ఈ పశువుల్ని ఓడలెక్కించుకుపోయి, నెలోర్ అని పక్క జిల్లా పేరు పెట్టుకుని, కోట్ల లెక్కన పెంచుకుంటున్నారు. అక్కడా ఇక్కడా ఇంతవరకూ ఏ రైతూ గిత్త మెడకు అద్దం బిగించలేదు.

సరే, రోహిణి కార్తె వచ్చింది. బయట 44. మావాడు గేమ్ ఆడుతుంటే తెర మీద బొమ్మ ఆగి ఆగి గంతులేయడం మొదలుపెట్టింది. అంకె చూస్తే 95. వాడు కొన్న ప్రాసెసర్‌కు తయారుచేసినవాళ్లు పెట్టిన హద్దు అదే. అక్కడికి చేరగానే అది తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. దాన్ని థ్రాట్లింగ్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మొదట మా అమ్మ వచ్చింది. అద్దం మీద చెయ్యి వేసి, "ఏందిరా ఇది, జొరమొచ్చినట్టు కాలిపోతా ఉంది" అని తాటాకు విసనకర్ర తెచ్చి విసరడం మొదలుపెట్టింది. అద్దం మీద. తర్వాత ఎదురింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు వచ్చి, పక్క తలుపు ఊడదీయించి స్టాండు ఫ్యాను పెట్టించారు. అన్యాయంగా మాట్లాడకూడదు, నాలుగు డిగ్రీలు తగ్గింది. కానీ వీధిలో దుమ్మంతా పోయి రేకుల మధ్య కూర్చుంది. దుమ్ము పట్టిన రేకులు వేడిని వదలవు కాబట్టి, వారం తిరిగేసరికి పోయిన నాలుగు డిగ్రీలూ బొమ్మ గంతుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చాయి. ఈలోగా మావాడు ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ మళ్లీ పూశాడు. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య కంటికి కనపడని సందుల్లో గాలి నిలవకుండా నింపేది అది, బఠాణీ గింజంత చాలు. వాడు దోసెకు వెన్న రాసినట్టు రాశాడు.

ఆ తర్వాత మా బావమరిది చీరాల నుంచి ఎయిర్ కూలర్ మోసుకొచ్చాడు. కొత్తపట్నం సముద్రం మనకు ఉచితంగా పంపే తేమ చాలదన్నట్టు, ఆ తడిగాలి తిన్నగా మదర్‌బోర్డు మీదికి! పది నిమిషాల్లో గోడ మీద క్యాలెండర్ మెత్తబడింది. "కరెంటు సామానుకు నీళ్లగాలి పెడతారా ఎవరైనా?" అని మాస్టారు, "మీ స్టాండు ఫ్యాను ఏం ఊడబొడిచింది?" అని బావమరిది. మాటా మాటా పెరిగింది. ఆ గొడవలో, తెరిచి ఉన్న తలుపులోంచి ఒక బల్లి లోపలికి పోయి గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. మా అమ్మ విసనకర్ర పక్కన పెట్టి పంచాంగం తీసింది. తల మీద పడితే ఏమవుతుందో ఉంది, భుజం మీద పడితే ఏమవుతుందో ఉంది. గ్రాఫిక్స్ కార్డు మీద పడితే ఫలితం రాయలేదు.

ఆ రాత్రి ఇంట్లో తీర్మానం జరిగింది. మాకున్నది ఒక్కటే ఏసీ, మా పడగ్గదిలో. సీపీయూ గారిని అందులోకి మార్చారు. (మా ఇంట్లో ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు. సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ ఒక్కటేనని మావాడు చెప్పి చెప్పి అలిసిపోయాడు.) 400 వాట్లు తాగే యంత్రం ఆ 400 వాట్లనూ చివరికి వేడిగా ఆ గదిలోకే కక్కుతుంది. అంటే ఏసీ గదిలో చిన్న హీటరు వేసుకుని కూర్చోవడమన్నమాట. రెండింటి బిల్లూ నా పేరునే వస్తుంది. వాడూ అదీ లోపల. నేనూ మా ఆవిడా డాబా మీద నులక మంచాల్లో, దోమలతో. అర్ధరాత్రి వీధి మొత్తం కరెంటు పోయింది. "పాపం, దానికి ఎట్టా ఉందో" అంది మా ఆవిడ. నా గురించి కాదు.

తెల్లారగానే మావాడు షాపతనికి ఫోన్ చేశాడు. షాపతను ఏం చెప్పి ఉంటాడో మీకు తెలుసు. ఆ రెండు ఫ్యాన్లూ ఆర్డర్ పెట్టాం.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం ఒకటిన్నరకు డెలివరీ వచ్చింది. తలుపు తీస్తే మావాడి వయసు కుర్రాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, దాని మీద చెమట ఆరిన తెల్లటి చారలు. చేతిలో అట్టపెట్టె. ఎండ తగలకుండా చల్లని, పొడి ప్రదేశంలో ఉంచమని పెట్టె మీద అచ్చేసి ఉంది. మోసుకొచ్చినవాడి మీద అట్లాంటిదేమీ అచ్చేసి లేదు. లోపలికొచ్చి కాసేపు కూర్చోమంటే, "ఇంకా పదకొండు ఉన్నాయి సార్, లేటైతే కట్ చేస్తారు" అన్నాడు. గడప దగ్గరే నిలబడి మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

థ్రాట్లింగ్ దగ్గరికి మళ్లీ వస్తానన్నాను గదా. వేడెక్కిన ప్రాసెసర్ నెమ్మదిస్తే దాన్ని తెలివైన డిజైన్ అంటారు. వేడెక్కిన మనిషి నెమ్మదిస్తే కూలి కోస్తారు. చీమకుర్తి క్వారీలో కాగిన నల్లరాయి మీద నిలబడ్డవాడి ఒంట్లో ఎన్ని డిగ్రీలుందో ఏ తెర మీద కనపడుతుంది? 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. ఎండన పడి పనికి పోయినవాళ్లు, రేకుల ఇంట్లో మంచానికి అతుక్కుపోయిన ముసలివాళ్లు. వాళ్లకు మనం చేసిందేమిటి? చలివేంద్రం. రిబ్బన్ కటింగ్, ఫొటో, నాలుగో రోజుకు కుండ ఉంటుంది, అందులో నీళ్లుండవు. ఇసుకలోంచి పుట్టిన చిప్పు ముక్క మీద ఐదు డిగ్రీలు పెరిగితే ఇంటిల్లిపాదీ పరుగెత్తాం, చీరాల నుంచి కూలర్ వచ్చింది, ఏసీ గది ఖాళీ అయింది. సిగ్గుండాలి. ముందు నాకుండాలి, ఆ ఫ్యాన్లు ఆర్డర్ పెట్టింది నా ఫోన్ నుంచే.

ఆ సాయంత్రం స్క్రూడ్రైవర్ తీసుకుని ముందు అద్దం ఊడబీకాను. మావాడు మొహం మాడ్చుకున్నాడు. ఏసీ ఆపి, అరగంట ఆడించి చూస్తే అంకె 83. కొత్త ఫ్యాన్ల పెట్టె ఇంకా విప్పనే లేదు.

అద్దాన్ని మా ఆవిడ డాబా మీదికి పట్టుకెళ్లి, నాలుగు ఇటుకల మీద నిలిపి, సగ్గుబియ్యం వడియాల మీద మూత పెట్టింది. కాకులు వాలడం లేదు. మర్నాటికల్లా వడియాలు గలగలమన్నాయి.

మొన్న షాపతను ఫోన్ చేశాడు. "క్యాబినెట్ ఎట్టా ఉంది సార్?"

"అద్దం బ్రహ్మాండంగా ఉందయ్యా, వేడిని ఇంత కూడా బయటికి పోనివ్వడం లేదు" అన్నాను. ఇంకో రెండు అద్దాలుంటే పంపించమన్నాను.