తూకానికి అమ్మే బేస్

కారు సౌండ్ షాపుల్లో కొత్త భౌతికశాస్త్రం ఒకటి పుట్టింది. బేస్ అంటే పాటలో గుండె అదిరే లోతైన శబ్దం. దాన్ని పలికించే సబ్ వూఫర్ స్పీకరు పెట్టె ఎంత బరువుంటే బేస్ అంత గట్టిగా వస్తుందట. ఆ లెక్కన రుబ్బురోలుకి వైరు తగిలిస్తే వీధి వీధంతా అదిరిపోవాలి.

కొనే తంతు చూసి తీరాలి. కస్టమరు ముందు పెట్టెని వేలి కణుపుతో కొడతాడు, పుచ్చకాయ పండిందో లేదో చూసినట్టు. తర్వాత ఎత్తబోతాడు. లేవదు. ఆ లేవకపోవడంలోనే ఆయనకి నాణ్యత కనబడుతుంది. 'ఇద్దరు పట్టాలి సార్, అసలు సరుకు' అంటాడు షాపతను గర్వంగా. ఇద్దరూ మూలుగుతూ డిక్కీలోకి దించుతారు. స్టెప్నీ గుంటలో ఆంప్లిఫయర్ కూర్చుంటుంది, స్టెప్నీ ఇంటికెళ్ళి అటకెక్కుతుంది. కారు వెనక్కి కూలబడి హెడ్‌లైట్లు చుక్కలు లెక్కపెడతాయి. సూర్యాపేట దాటాక పంక్చరైతే దిగులక్కర్లేదు, తెల్లారేదాకా బేస్ వినొచ్చు. చక్రం హైదరాబాదులో క్షేమం.

పెట్టెకి కావాల్సింది బరువు కాదు, బిగువు, అంటే వంగని గట్టిదనం. 18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) చదరపు మీటరుకి 13 కిలోల పైనే తూగుతుంది, 12 మి.మీ. ప్లైవుడ్ సుమారు 8. యాభై లీటర్ల పెట్టెకి దాదాపు చదరపు మీటరు పలక పడుతుంది. పల్చటి పలక వణకదా అంటే, వణుకుతుంది. అదే చెక్కలో మందం 18 నుంచి 12కి తగ్గితే బిగువు మూడో వంతుకన్నా కిందికి పడిపోతుంది. దానికి మందు ఇంకో పలక కాదు, ఎదురెదురు గోడల నడుమ ఫెవికాల్ పెట్టి బిగించిన చెక్క పట్టీ. కర్రకైతే, నడిమిన ఊతం తగిలి నిడివి సగమైతే వంపు పదహారో వంతుకి దిగుతుంది. పలకకి అంత కాకపోయినా వణుకు అణుగుతుంది. పట్టీ బరువు పావు కిలో! స్పీకరు బిగించే ఎదుటి పలకకి మాత్రం రెండు పొరలు వేయాల్సిందే. పట్టీ, స్పీకరు మాగ్నెట్ ఆక్రమించే రెండు మూడు లీటర్లు కొలతలో ముందే కలుపుకోవాలి.

మూసిన పెట్టెలో గాలి పోతోందేమో చూడ్డానికి మీటర్లు అక్కర్లేదు. పాట పెట్టి, అతుకుల వెంట అగరొత్తి తిప్పండి. పొగ ఎక్కడ ఎగిరిపడితే అక్కడ, స్పీకరు విప్పి, సిలికాన్ జిగురు. అది ఒక రోజు ఆరాకే స్పీకరు మళ్ళీ బిగించాలి. చక్రం పక్క మూలలో ఇమిడేలా పెట్టెని ఫైబర్‌గ్లాస్‌తో చేసేవాళ్ళు, గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్టు ద్రవాన్ని ముందు రెజిన్‌లో (ఫైబర్‌కి పూసే బంకలో) పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ పోయాలి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. (బేస్ అంటే అది.)

ఇంతకీ షాపువాళ్ళు డిక్కీలో పెట్టిన ఆ పాతిక కిలోల దైవాన్ని దేనికి బిగించారు? దేనికీ లేదు. కార్పెట్ మీద పెట్టి వదిలేశారు. యాభై కిలోమీటర్ల వేగంలో కారు దేన్నో గుద్ది ఆగితే పెట్టె ఆగదు. పది మీటర్ల ఎత్తు నుంచి వదిలితే ఎంత వేగంతో నేల తాకుతుందో, అదే వేగంతో వెనక సీటు మీదికొస్తుంది. ఆ సీట్లో పిల్లలు కూర్చుంటారయ్యా! వేలకి వేలు తీసుకున్నవాళ్ళకి నాలుగు బోల్టులు, నాలుగు పెద్ద వాషర్లు బరువయ్యాయా? కారు కిందికి వంగి, పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టం ఎక్కడున్నాయో చూసి రంధ్రాలు వేయడానికి అరగంట పట్టదు.

అడిగి చూడండి. 'బోల్టులెందుకు సార్, అంత బరువు ఎక్కడికి కదులుద్ది?' అంటాడు.