సగం మాట చెప్పి అమ్ముకుంటారా?

పెద్దపేగు క్యాన్సర్‌లో పేగు బ్యాక్టీరియా పాత్ర గురించి వార్తలు వచ్చాయో లేదో, వాటిని అడ్డం పెట్టుకుని దుకాణాలు తెరిచేశారు. స్టూల్ శాంపిల్ పంపితే క్యాన్సర్ రిస్క్ స్కోర్ ఇస్తామని ఒకరు, మా ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉందని చెప్పే మందు) వేసుకుంటే ముప్పు తప్పుతుందని ఇంకొకరు. దీన్ని చూస్తూ ఊరుకోవడం తగదు.

పరిశోధనను మేము తప్పుపట్టడం లేదు. పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బ్యాక్టీరియాలో కొన్ని రకాలు కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. అది డీఎన్ఏ రెండు పోగులనూ ఒకదానికొకటి అతికించేస్తుంది. కణం వాటిని విడదీసుకునే క్రమంలో తప్పులు దొర్లుతాయి, వాటి జాడ చెరగని ముద్రలా మిగులుతుంది. 11 దేశాల రోగుల నుంచి తీసిన 981 కణితులను పరిశీలించి 2025లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 70 దాటినవారి కన్నా 40 లోపువారిలో ఈ ముద్ర 3.3 రెట్లు ఎక్కువ. దెబ్బ మొదటి పదేళ్ల వయసులోనే పడి ఉండొచ్చని అంచనా. పిల్లలున్న ఎవరికైనా టెన్షన్ పుట్టించే మాటే.

వ్యాపారులు ఇక్కడితో ఆపేస్తారు. క్యాన్సర్‌కు అసలు కారణం ఈ బ్యాక్టీరియానే అని ఇంకా తేలలేదన్న మిగతా సగం చెప్పరు. చిన్నప్పుడెప్పుడో తగిలిన దెబ్బను నలభై ఏళ్లకు పంపిన శాంపిల్ ఎలా చెబుతుంది? చాలాకాలంగా ప్రోబయోటిక్‌గా వాడుతున్న ఇ.కోలై నిస్లె 1917 రకంలోనే కోలిబాక్టిన్ జన్యువులున్నాయి. దానివల్ల క్యాన్సర్ వస్తుందని మేము అనడం లేదు. మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని డబ్బా మీద అచ్చేసినంత తేలిక కాదు ఈ వ్యవహారం.

అవగాహన పెరుగుతుంది కదా అని కొందరి వాదన. సగం మాటతో పెరిగేది అవగాహన కాదు, ధీమా. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 9 లక్షల మందిని బలిగొన్న జబ్బు ఇది. పేగు లోపలి గోడపై పెరిగే చిన్న గడ్డ, అంటే పాలిప్, క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగును లోపలి నుంచి చూసే కొలనోస్కోపీ చేస్తుండగానే డాక్టరు దాన్ని సన్నటి తీగ ఉచ్చులో బిగించి తీసేయగలరు. మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే పరీక్ష కూడా ఉంది. రుజువైనవి ఇవీ.

నియంత్రణ అధికారులను సూటిగా అడుగుతున్నాం. క్యాన్సర్ పేరు చెప్పి అమ్ముతున్న ప్రతి డబ్బాకూ, ప్రతి కిట్‌కూ మనుషులపై చేసిన ట్రయల్ చూపించమని ఎందుకు అడగరు? 'లో రిస్క్' రిపోర్టును నమ్మి, రక్తం పడుతున్నా నెలల తరబడి ఆగిపోయిన మనిషి ముదిరిన కణితితో ఆస్పత్రికి వచ్చిన రోజున ఆ కంపెనీ ముఖం చాటేస్తుంది. అమ్ముకోనిచ్చిన మీరే జవాబు చెప్పాలి.