ఇన్వర్టరా, పొదుపా? బావా బావమరుదుల పేచీ

సోంపేట దగ్గర ఒక ఊరు. బావమరిది ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. బావకి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపు ఉంది. అత్తారింటికి వచ్చిన రోజే తీగల మీద కొబ్బరిమట్ట పడి కరెంటు పోయింది. రెండు గంటలకే బావమరిది ల్యాప్‌టాప్ ఆరిపోయింది. నేను బావ పక్షం. ఆ సంగతి ముందే తెలిస్తే మీకు చదవడం సులువు.

బావమరిది: ఇంక నా వల్ల కాదు బావా. కొత్త ఇన్వర్టర్ ఒకటి పెట్టించేస్తాను. మీ షాపు పక్కన దొరుకుతాయి కదా, నువ్వే చూసి పంపు.

బావ: పంపుతాన్లే. ముందిది సెప్పు, నీ బేటరీ ఎంత?

బావమరిది: పొద్దున్న నూటికి నూరు ఉంది.

బావ: శాతం ఎవడడిగేడు బావూ? వాట్-అవర్లు ఎన్ని, అంతే ఒక్క గంటలో ఖాళీ సేస్తే ఎన్ని వాట్లు ఇస్తాది? కొన్నప్పుడు యాభై. మొన్న నాను బేటరీ రిపోర్టు తీసి సూసేను. డిజైన్ కెపాసిటీ 50,000 మిల్లీవాట్-అవర్లు, ఇప్పుడు ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 38,000. అంతే ముప్పై ఎనిమిది. రెండు గంటల్లో అయిపోయిందంతే గంటంతా పందొమ్మిది వాట్లు లాగుతున్నట్టు. ఉత్తినే కోడ్ రాసుకుంటే ఇలాటి మిషను ఎనిమిది, పది వాట్లతో నడవాల. మిగతా సగం ఎటెల్తంది?

బావమరిది: ఎటో వెళ్తుంది. దానికోసం పొద్దల్లా సెట్టింగులు కెలుకుతూ కూర్చోమంటావేటి? బ్యాటరీ సేవర్ ఒకసారి పెట్టి చూశాను. పది నిమిషాల్లో అయ్యే బిల్డ్, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చే పని, ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఎక్కువ పది నిమిషాలూ స్క్రీన్ వెలుగుతూనే ఉంది, ర్యామ్ కరెంటు తింటూనే ఉంది, వైఫై నడుస్తూనే ఉంది. పని గబగబా ముగించి ప్రాసెసర్ పడుకుంటేనే తక్కువ ఖర్చు. ఇది నేను కనిపెట్టింది కాదు, చిప్పులు చేసేవాళ్లే చెప్తారు.

ఇక్కడ బావ కాసేపు నీళ్లు నమిలాడు.

బావ: అది నిజమే. సేవర్ పెట్టీసి అడుక్కి తొక్కీడం నాను కూడా ఒప్పుకోను. కానీ నీ మిషను ఇప్పుడు అడుగునా లేదు, మధ్యనా లేదు, ఎప్పుడూ టర్బోలోనే, అంతే మామూలు స్పీడుకి మించి పరిగెట్టే పద్ధతిలోనే ఉంతాది. ప్రాసెసర్ స్పీడు పెరగాలంతే వోల్టేజీ పెరగాల. వోల్టేజీ పెరిగితే ఖర్చు దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతాది. అందుకే ఆఖర్న వొచ్చే ఆ కొంచెం స్పీడుకే శానా తినేస్తాది. టర్బో ఒక్కటీ ఆపి బిల్డ్ కొట్టు. ఇరవై నిమిషాలు పట్టదు, అలాగని పదిలోనూ అయిపోదు. మధ్యలో ఎక్కడో ఆగుతాది, ఫ్యాన్ కూడా అరవదు.

బావమరిది: అయినా నాలుగు గంటలే కదా వస్తుంది? తిత్లీ తుపాను మర్చిపోయావేటి? 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో స్తంభాలన్నీ ఒరిగిపోతే ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాం? అప్పుడు నీ టర్బో ఆపితే ఏం ఒరిగేది? అదే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ఇన్వర్టర్ బ్యాటరీ లెక్క చూడు. పన్నెండు వోల్టులతో గుణిస్తే 1,800 వాట్-అవర్లు. అందులో సగమే చేతికొచ్చిందనుకో, నువ్వు చెప్పిన పందొమ్మిది వాట్లతోనే నలభై గంటల పైన నడుస్తుంది. నేను ఏ సెట్టింగూ ముట్టుకోకుండా!

దెబ్బ గట్టిదే. లెక్కలో తప్పు లేదు.

బావ: నలభై గంటలా? అమ్మ ఫ్యాన్ కట్టీసి నీ ల్యాప్‌టాప్ ఒక్కటే నడుపుతావా? మామూలు సీలింగ్ ఫ్యాన్ డెబ్భై వాట్లు. రెండు గదుల్లో రెండు ఫ్యాన్లు, ఒక రూటరు, నీ పందొమ్మిది. ఆ తొమ్మిదొందలు అయిదు గంటలు ఆగితే గొప్ప. పైగా నీ ఇన్వర్టర్ పన్నెండు వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీ సేస్తాది, నీ ఛార్జర్ మళ్లీ దాన్ని పందొమ్మిది వోల్టుల డీసీ సేస్తాది. రెండుచోట్లా కొంత ఏడిమి అయిపోద్ది. అయినా ఈ ఇంట్లో ఇన్వర్టర్ లేదేటి? ఉన్నదాన్ని సంపీసింది ఎవరు?

బావమరిది: అది నువ్వు ఇప్పించిందే కదా! రెండేళ్లు కూడా రాలేదు.

బావ: డిస్టిల్డ్ వాటర్ పొయ్యమంతే బోరు నీళ్లు పోసింది ఎవరు?

బావమరిది: ఆ రోజు సోంపేటలో దొరకలేదు. అమ్మ పొయ్యమంది.

బావ: అత్త మీద పెట్టకు.

బావమరిది: పెట్టడం కాదు, జరిగింది చెప్తున్నాను. నువ్వు ఏడాదికోసారి వచ్చి చూస్తానని మాటిచ్చావు. వచ్చావా? జీడిపిక్కల టైముకి మాత్రం వస్తావు.

ఈ తగువు ఇంకో పావుగంట నడిచింది. అందులో జీడిపిక్కల ధర, అక్కకి పెట్టిన చీర, ఎవరి పెళ్లికి ఎవరు రాలేదన్నదీ వచ్చాయి. బ్యాటరీకి సంబంధించింది ఏమీ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

బావ: సరే, ఇన్వర్టర్ కొను. వొద్దనలేదు. కానీ దానికి ముందు ఆ పందొమ్మిది వాట్లు ఎక్కడెక్కడ పోతన్నాయో కూకొని సూడు. నాను పొద్దున్నించి నీ పక్కనే ఉన్నాను, సెప్తాను విను. కరంటు పోగానే రూటరు పోయింది. నువ్వు ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో పెట్టి నెట్ లాగేవు. అంతే ల్యాప్‌టాప్ బేటరీతో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంతన్నావన్నమాట! పాత యూఎస్‌బీ 2 పోర్టైతే రెండున్నర వాట్లు, యూఎస్‌బీ 3 అయితే నాలుగున్నర దాకా. ఇది ఒకటి. స్క్రీన్ 144 హెర్ట్జ్‌లో ఉంది. కోడ్ అక్షరాలు సెకనుకి నూట నలభై నాలుగుసార్లు గీసి నీకు సూపించాలేటి? అరవై సాలు. బ్రైట్‌నెస్ నిండా పెట్టేవు, కిటికీ ఎండ నేరుగా స్క్రీన్ మీద పడతంది గనక. కిటికీ తెర లాగి బ్రైట్‌నెస్ సగానికి దించితే రెండు మూడు వాట్లు మిగులుతాయి. డార్క్ మోడ్ పెట్టేను కదా అంతావు. నీది ఎల్‌సీడీ. నల్లగా కనపడినా వెనకాల లైటు వెలుగుతూనే ఉంతాది. అది ఓలెడ్ స్క్రీన్ ఉన్నోడికి పనికొస్తాది, అందులో నల్లగా ఉన్నసోట లైటే వెలగదు, నీకు కాదు. ఇంకోటి. గేములాడేటప్పుడు బ్రౌజర్ని కూడా హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టేవు, అంతే గ్రాఫిక్స్ కార్డు పడుకోడం లేదు. పేజీ తెరిసి ఉన్నంతసేపూ మెలకువే. అన్నిటికన్నా పెద్దది మీటింగు. కెమెరా, మైకు, వీడియో అన్నీ ఒక ఎత్తు, నీ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఒక ఎత్తు. ప్రతి ఫ్రేములోనూ నీ తలకాయ ఏదో, వెనకున్నది ఏదో ఏరి మసక సెయ్యాల. మీటింగు మొదలవగానే ఫ్యాన్ మోగింది, ఇన్నావా?

బావమరిది: వైరు తీసేసి హాట్‌స్పాట్ పెడితే ఫోన్ చచ్చిపోతుంది. అప్పుడు నెట్టే ఉండదు.

బావ: ఫోన్‌కి పవర్ బ్యాంకు పెట్టు. పదివేల ఎంఏహెచ్‌ది అయితే ముప్పై ఏడు వాట్-అవర్లు. ఇంచుమించు నీ ల్యాప్‌టాప్ బేటరీ అంత.

బావమరిది: మరి కిందటిసారి వచ్చి ఛార్జింగ్ ఎనభై దగ్గర ఆగేలా పెట్టింది ఎవరు? ఆ ముప్పై ఎనిమిదిలో నీ వల్ల మళ్లీ ఏడున్నర పోతుందని ఇవాళ తీసేశాను. ఒకపక్క గంటలు పెంచుకో అంటావు, ఇంకోపక్క నువ్వే కోస్తావు.

బావ ఈసారి ఒప్పుకోక తప్పలేదు. బ్యాటరీ ఏళ్లు పెరగడం, గంటలు పెరగడం ఒకటి కాదు. ఒకదానికోసం ఇంకోదాన్ని వదులుకోవాల్సిందే.

బావ: లిథియం బేటరీని నూరు దగ్గర వైరుకి కట్టీసి ఉంచితే, అందులోనూ మన వేసంగి ఏడికి, లోపల తొందరగా ముసిలిదైపోద్ది. యాభై కాస్తా ముప్పై ఎనిమిది అయ్యింది అలగే. మామూలు రోజుల్లో ఎనభై ఉంచు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం వోళ్లు కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎగరేసేరని వార్త రాగానే నూరు పెట్టుకో. లైను మరమ్మతుకి కరంటు తీస్తామని ముందు సెప్పినా అంతే.

బావమరిది: కొబ్బరిమట్ట పడేముందు నీకేమైనా హెచ్చరిక పంపుతుందేటి?

బావ: అలాటప్పుడు ఎనభైతోనే సరిపెట్టుకోవాల. నాను సెప్పినవి సేస్తే ఆ ఎనభై నీకు మూడు గంటలొస్తాది. ఇవాళ నూరు రెండు గంటలే వొచ్చింది.

బావమరిది: సరే, వైరు తీసేస్తాను. అరవై హెర్ట్జ్ పెడతాను, టర్బో ఆపి చూస్తాను. బ్లర్ మాత్రం తియ్యను. వెనకాల జీడిపిక్కల బస్తాలు, కొబ్బరికాయల గుట్ట. మా మేనేజర్ చూస్తే ఏమనుకుంటాడు?

బావ: కుర్సీ తిప్పుకో. వీపు గోడవైపు పెట్టు. కెమెరాకి గోడ తప్ప ఏటీ కనపడదు, ఇంక బ్లర్ ఎందుకు?

బావమరిది: ఆ గోడకి నీ పెళ్లి ఫొటో ఉంది బావా. ఇంత పెద్దది.

బావ: తీసీ.

బావమరిది: నేను తియ్యను. అక్కని అడుగు.