బోరాన్–ఆక్సిజన్ లోపం గారికి, మేడ మీద నుంచి

మహారాజశ్రీ బోరాన్–ఆక్సిజన్ లోపం గారికి,

మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్న ఒక గృహస్థు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా ఓ రెండు శాతం తక్కువగా క్షేమం. అక్కడ మీరు పూర్తి క్షేమమని మా ఇన్వర్టర్ యాప్ చూస్తే తెలుస్తోంది.

ప్యానెల్‌లోని సిలికాన్‌లో బోరాన్, ఆక్సిజన్ జతకట్టి, ఎండ తగలగానే దాని శక్తిని కొంత తగ్గించే లోపం మీరు. ముందుగా మీ తెలివిని మెచ్చుకోవాలి. సోలార్ ప్యానెల్‌ను నీరసపరచడానికి మీరు ఎంచుకున్నది దుమ్ము కాదు, వాన కాదు, కోతులు అంతకన్నా కాదు. ఏ ఎండ కోసం దాన్ని మేడ ఎక్కించామో ఆ ఎండనే. ఇంతకాలం అదే మేడ మీద మా అమ్మ వడియాలు పెట్టేది. ఎండకి వడియం మెత్తబడిందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఆ చోటు ఖాళీ చేయించి మరీ మీకు ఇచ్చాం.

మీ సంగతి అడిగితే ప్యానెల్స్ బిగించిన కంపెనీ కుర్రాడు ఏమాత్రం తడుముకోలేదు. "ఫస్ట్ ఇయర్ అంతే సార్, నార్మల్. వారంటీ పేపర్లో ఉంది చూడండి" అన్నాడు. చూశాను. నిజంగానే ఉంది. మొదటి ఏడాది 2 శాతం తగ్గుదల, తర్వాత ఏడాదికి 0.55 శాతం చొప్పున, పాతికేళ్ళకు మిగిలేది 84.8 శాతం. పక్కనే గ్రాఫ్ కూడా గీశారు. మొదటి ఏడాది దగ్గర గీత ఒక్కసారిగా కిందికి దిగి, ఆ తర్వాత పెద్దమనిషిలా మెల్లగా నడుస్తుంది. ఆ మొదటి దిగుడులో మీ వాటా ఎంతో గాని, మీ పేరు మాత్రం కాగితంలో ఎక్కడా లేదు. మా మూడు కిలోవాట్లలో 2 శాతం అంటే 60 వాట్లు. హాల్లో ఒక ఫ్యాను. వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వాళ్ళకైతే అదే లెక్కన 20 మెగావాట్లు. వాళ్ళు మీకు ఏం రాసుకుంటారో నాకు అనవసరం, నా ఫ్యాను గురించి నేను రాసుకుంటున్నాను.

మీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. విడివిడిగా మీ ఇద్దరి మీదా ఒక్క ఫిర్యాదు దొరకలేదు. అసలు శుద్ధమైన సిలికాన్ ఉట్టి మొండిది, దాని గుండా కరెంటు పోవడం కష్టం. అందులో సుమారు 50 లక్షల సిలికాన్ అణువులకు ఒక్క బోరాన్ అణువును కలుపుతారు. సిలికాన్‌కు బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు, బోరాన్‌కు మూడే. ఆ ఒక్కటి తక్కువైన చోట ఏర్పడే ఖాళీ, అదే హోల్, అణువు నుంచి అణువుకు జరుగుతూ కరెంటు మోస్తుంది. యాభై లక్షల మందిలో ఒక్కడు లోటుతో పుట్టినందుకు మొత్తం స్ఫటికానికి ఉపాధి దొరికిందన్నమాట. బోరాన్ గారిని మనం నెత్తిన పెట్టుకోవాలి.

ఆక్సిజన్ గారిని ఎవరూ పిలవలేదు. పోలండ్ దేశస్థుడు యాన్ చొక్రాల్‌స్కి 1916లో కనిపెట్టిన పద్ధతి ఒకటుంది: కరిగిన ముద్దలో చిన్న విత్తన స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ మెల్లగా పైకి లాగితే మొత్తం ఒకే స్ఫటికంగా కడ్డీ తయారవుతుంది. సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాన్ని కరిగించే మూస క్వార్ట్జ్‌ది, అంటే సిలికాన్‌కు ఆక్సిజన్ కలిసిన పదార్థమే. కరిగిన సిలికాన్ తనకు చోటిచ్చిన మూసనే కొంచెం కొంచెంగా తినేస్తుంది. అలా వచ్చిన ఆక్సిజన్‌లో చాలా భాగం ఆవిరైపోగా, లక్ష సిలికాన్ అణువులకు ఒకటి లెక్కన కడ్డీలో స్థిరపడుతుంది. కంప్యూటర్ చిప్పుల వాళ్ళు దీనికీ గొడవ పడరు, పైగా వాడుకుంటారు. కడ్డీని పలుచగా కోసిన బిళ్ళ, అదే వేఫర్, దాని లోపలి పొరల్లో ఆక్సిజన్‌ను గుంపులుగా చేర్చి, రాగి, ఇనుము లాంటి చెత్తను అక్కడికి లాక్కునేలా చేసి, ట్రాన్సిస్టర్లుండే పై పొరను శుభ్రంగా ఉంచుకుంటారు. పిలవని పేరంటానికి వచ్చినా పనిలో చెయ్యేసే మనిషి.

ఇంత మర్యాదస్తులు ఒకే వేఫర్‌లో కలిసి, దాని మీద కాస్త వెలుతురు పడేసరికి ఏమవుతుందో గాని, అక్కడ మీరు అవతరిస్తారు. మొదటి విడత నష్టం నిమిషాల్లోనే, మిగతాది ఒకటి రెండు రోజుల్లో. ప్యానెల్ పెట్టించి బంధువులకు ఫోటోలు పంపే లోపలే మీ గృహప్రవేశం అయిపోతుంది. ఇంకో విశేషం, నిజానికి మీకు వెలుతురు కూడా అక్కర్లేదట. చీకట్లో ఉంచి, ప్యానెల్‌లోని ఒక్కో బిళ్ళలోకి, అదే సెల్‌లోకి, బయటి నుంచి కరెంటు పంపినా మీరు హాజరు. మీకు కావలసింది లోపల తిరిగే అదనపు ఎలక్ట్రాన్లు మాత్రమే. ఎండ వాటిని ఉచితంగా పంచుతోంది కాబట్టి ఎండనిష్టపడుతున్నారు.

మీ పని తీరు గురించి కూడా రెండు మాటలు. కాంతి తగిలి విడివడిన ఎలక్ట్రాన్ వేఫర్ లోపల తిరుగుతూ, అంచున ఉన్న, ఎలక్ట్రాన్లను ఒక వైపుకు లాగే జంక్షన్‌ దాకా బతికి చేరితేనే మాకు కరెంటు. ఆ బతికుండే సమయం మంచి వేఫర్‌లో మిల్లీ సెకను వరకూ ఉండొచ్చు. అంత సమయంలో అది మిల్లీమీటరుకు పైగా దూరం పోగలదు, వేఫర్ మందం అందులో ఐదో వంతు కూడా లేదు, కనుక హాయిగా చేరుతుంది. మీరు వచ్చాక ఆ ఆయుష్షు పదుల మైక్రో సెకన్లకు పడిపోతుంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు ఉండకూడని శక్తుల మధ్య మీరొక మెట్టు వేసి కూర్చుంటారు. దారినపోయే ఎలక్ట్రాన్ మీ దగ్గర ఆగుతుంది, వెనకే హోల్ వస్తుంది, ఇద్దరూ కలిసిపోతారు, సూర్యుడిచ్చిన శక్తి కాస్తా వేడిగా మారి పోతుంది. 1952లో షాక్లీ, రీడ్, హాల్ ఈ లెక్కంతా రాసి పెట్టారు. మీరు ఎలక్ట్రాన్‌ను తినరు, దాచుకోరు, అమ్ముకోరు. ఏ లాభమూ లేకుండా ఇంత నష్టం చేసేవాళ్ళు అరుదు.

మీకు ఇల్లు ఎలా దొరికిందన్నది ఇంకా తమాషా. 1954లో బెల్ ల్యాబ్స్ చేసిన మొదటి సిలికాన్ సెల్‌లో కింది పలక బోరాన్ కలిపినది కాదు, బోరాన్ పైన పలుచటి పొరగా మాత్రమే ఉండేది. తర్వాత ఉపగ్రహాలు వచ్చాయి. అంతరిక్షంలోని రేడియేషన్ దెబ్బను తట్టుకోవడంలో బోరాన్ కలిపిన పలకే మేలని తేలింది. 1962లో ఎగిరిన టెల్‌స్టార్ ఆ రకం సెల్స్‌తోనే వెళ్ళింది. ఆ అలవాటే భూమ్మీద ఫ్యాక్టరీలకూ దిగి వచ్చింది. మా మేడ మీద రేడియేషన్ బెల్టులు లేవు, కాకులున్నాయి. అయినా దశాబ్దాల పాటు ఉపగ్రహాల కోసం ఎంచిన రకం పలకనే మా నెత్తిన పెట్టారు.

1973లో ఫిషర్, ప్షుండర్ అనే ఇద్దరు, కొత్త సెల్స్ వెలుతురులో నీరసించి, చీకట్లో 200 డిగ్రీలకు వేడి చేస్తే మళ్ళీ కోలుకుంటున్నాయని గమనించారు. అప్పటికి మీ పేరెవరికీ తెలియదు. 1997లో జర్మనీలో హామెలిన్ పక్కనున్న సంస్థలో యాన్ ష్మిట్ బృందం మీ ఇద్దరినీ జంటగా పట్టుకుంది. (పిల్లనగ్రోవి ఊది ఎలుకల్ని ఊరి బయటికి నడిపించాడని కథ చెప్పే ఊరు అదే. మీ విషయంలో పిల్లనగ్రోవి పనిచేయలేదు.) తర్వాత వచ్చిన సాక్ష్యం కూడా గట్టిదే: మూస లేకుండా పెంచిన, ఆక్సిజన్ లేని సిలికాన్‌లో మీరు లేరు. బోరాన్ బదులు గాలియం కలిపితే ఆక్సిజన్ ఎంతున్నా మీరు లేరు. ఇద్దరూ ఉంటేనే ఉన్నారు. అయితే మీ రూపం ఎలాంటిది, ఎన్ని ఆక్సిజన్లు, ఎటువైపు కూర్చుంటాయి అన్న దాని మీద మాత్రం పండితుల వాదన ఆగలేదు. 2019లో మాంచెస్టర్ బృందం, సెల్‌ను చల్లార్చి వేడి చేస్తూ చిక్కుకున్న ఎలక్ట్రాన్లు ఎప్పుడు విడుదలవుతాయో కొలిచే పరీక్షలో మీ జాడ పట్టుకున్నామని ప్రకటించింది. మిగతావాళ్ళు ఇంకా తలలు గోక్కుంటున్నారు. పుట్టిన యాభై ఏళ్ళకు కూడా ఆధార్ ఫోటో సరిగా రానివాళ్ళు మీరే.

నాకు మీ మీద కన్నా మా వాళ్ళ మీదే ఎక్కువ కోపం. గాలియం అనే మందు గత శతాబ్దం చివరికే తెలుసు. అందులో చిక్కుందన్నది నిజమే. కడ్డీ గడ్డకట్టేటప్పుడు బోరాన్ పై నుంచి కింది దాకా దాదాపు సమానంగా సర్దుకుంటుంది, గాలియం మాత్రం గట్టిపడే భాగంలోకి రానని మొరాయించి కరిగిన ముద్దలోనే ఉండిపోతుంది. దాంతో కడ్డీ ఒక కొసకీ ఇంకో కొసకీ పొంతన ఉండదు. ఆ చిక్కు కంటే పెద్దది పేటెంటు. అది షిన్-ఎట్సు అనే జపాన్ కంపెనీ చేతిలో ఉండేది. 2020 ప్రాంతంలో ఆ గడువు తీరే వేళకు పెద్ద పెద్ద కంపెనీలు వరసగా గాలియానికి మారిపోయాయి. కడ్డీ కొసల మధ్య పొంతన కుదరదన్న చిక్కు అప్పటికప్పుడు ఎలా కుదిరిందో నన్నడక్కండి. లైసెన్సుకు డబ్బు కట్టడం కన్నా వారంటీ గ్రాఫ్‌లో ఒక గీత కిందికి గీయడం చవక. ఇన్నేళ్ళు మీరు బతికింది భౌతికశాస్త్రం బలంతో అనుకుంటే పొరపాటు, అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ దయతో.

మధ్యలో సెల్స్‌ను మెరుగు పరిచే కొద్దీ మీ నష్టం ఇంకా పెరగడం మరో వింత. పాత సెల్స్‌లో వెనక భాగం ఎలాగూ నాసిరకం కాబట్టి ఎలక్ట్రాన్లు అక్కడే పోయేవి, మీ వంతుకు తక్కువ మిగిలేవి. పెర్క్ అనే కొత్త రకంలో వెనక వైపు బాగు చేశారు. ఇక పోయేవన్నీ మీ ఖాతాలోకే. అప్పుడు గాని పరిశ్రమకు మీ మీద నిజంగా కోపం రాలేదు.

మీకు వైద్యం కూడా ఉంది. 2006లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో హెర్గూత్ బృందం చూపించింది: సెల్‌ను వేడిగా ఉంచి, వెలుతురో కరెంటో బాగా దట్టిస్తే మీరు ముందు పూర్తిగా అవతరించి, ఆ తర్వాత శాంతిస్తారు. మళ్ళీ లేవరు. దీనికి సెల్‌లో హైడ్రోజన్ ఉండాలి, అది పైనున్న నీలపు నైట్రైడ్ పూత నుంచి వస్తుంది. ఫ్యాక్టరీల్లో ఈ పనికి యంత్రాలే వచ్చాయి. మేడ మీద మాత్రం కుదరదు. చీకట్లో 200 డిగ్రీలకు వేడి చేస్తే మీరు తాత్కాలికంగా పోతారన్నారు సరే, ఆ వేడికి ప్యానెల్‌లోని ప్లాస్టిక్ పొరలు కూడా మీతోపాటే పోతాయి. పైగా మర్నాడు ఎండ తగలగానే మీరు మాత్రం తిరిగొస్తారు.

ఒక్క ఆశ ఉంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ప్యానెల్ ఒళ్ళు 65, 70 డిగ్రీలకు చేరుతుంది. అంత వేడీ, అంత వెలుతురూ కలిస్తే ఆ శాంతి వైద్యం నెమ్మదిగా దానంతటదే కొంత జరగొచ్చు. మా ఎండల్ని తిట్టుకోవడం తప్ప ఇన్నాళ్ళూ వాటి వల్ల ఒరిగిందేమీ లేదు, అందుకే ఈ వార్త చదివి సంబరపడ్డాను. రెండు పేజీలు తిప్పగానే లెటిడ్ అని, సెల్స్‌ను నీరసపరిచే ఇంకొకాయన తగిలారు. 2012లో బయటపడ్డారట. ఆయన 50 డిగ్రీలు దాటిన వేడిలో, వెలుతురులో, తీరిగ్గా నెలలూ ఏళ్ళూ తీసుకుని పని చేస్తారు. ఆయన వెనక హైడ్రోజన్ హస్తం ఉందని అనుమానం. అంటే మీకు వైద్యుడిగా వచ్చినాయనే. ఇప్పుడు మే నెల వస్తే సంతోషించాలో టెన్షన్ పడాలో తెలియని స్థితి నాది.

కనుక ప్రార్థించేదేమంటే, వెళ్ళిపొమ్మని నేను అడగడం లేదు, మీరు వెళ్ళరని తెలుసు. ఆ వారంటీ కాగితంలో మీ పేరు, ఊరు, వాటా రాయించుకోండి. అద్దెకున్నవాళ్ళు గేటు మీద పేరు పెట్టుకోవడం మర్యాద.

ఇట్లు,
60 వాట్ల బాకీదారు

తా.క.: మా పక్కింటివాళ్ళు ఈమధ్య టాప్‌కాన్ అనే కొత్త రకం పెట్టించుకున్నారు. అందులో వేఫర్‌కు బోరాన్ బదులు ఫాస్ఫరస్ కలుపుతారు, కాబట్టి మీకు ప్రవేశం లేదు. వాళ్ళ కాగితం అడిగి చూశాను. మొదటి ఏడాది తగ్గుదల 1 శాతం అని ఉంది. మీరు లేని ఇంట్లో ఆ ఒక్క శాతం ఎవరిదో మీకేమైనా తెలిస్తే వెంటనే జాబు రాయగలరు. వాళ్ళ కంపెనీ మనిషి మాత్రం "నార్మల్ సార్" అన్నాడు.