మడి కట్టుకున్న బ్రేకులు

అమెరికాలో 1960ల నాటి మజిల్ కార్లను, అంటే మామూలు కారులో భారీ ఇంజను దించిన బండ్లను, పోషించే పెద్దమనుషులకు మన పాతకాలపు మడికి ఏమాత్రం తీసిపోని ఆచారం ఒకటి ఉంది. దాన్ని వారు ఒరిజినాలిటీ అంటారు. కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో నేటికీ అలాగే ఉండాలి. బోల్టు మారితే మైల. గొట్టానికి బిగించే క్లిప్పు మారినా మైలే. ఇక డ్రమ్ బ్రేకులు (చక్రంతో తిరిగే డొల్లను లోపలి నుంచి షూలు ఒరుసుకుని ఆపేవి) తీసేసి డిస్క్ బ్రేకులు (తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కి ఆపేవి) బిగించారా, ప్రదర్శనలో మార్కులు కోసి, సంప్రోక్షణ జరిగేదాకా గుమ్మం బయట నిలబెడతారు.

ఇంజను విషయంలో మాత్రం ఆచారానికి బోలెడు వెసులుబాట్లు. పిస్టన్లు మార్చి, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ మార్చి, లోపలికి మరో వంద గుర్రాలను తోలినా ఎవరూ నొచ్చుకోరు. బయటికి కనబడదు కదా.

ఇంత నిష్ఠగా కాపాడుతున్న ఆ డ్రమ్ముల వెనక ఉన్నది సంప్రదాయం కాదు, కంపెనీల పిసినారితనం. 1964 పాంటియాక్ జీటీఓనే తీసుకోండి. టెంపెస్ట్ అనే బుద్ధిమంతురాలైన కుటుంబ కారులోకి 389 ఘనపు అంగుళాల ఇంజను దించారు. శక్తి 325 హార్స్‌పవర్. ఆపడానికి మాత్రం ఆ కుటుంబ కారుకున్న తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములనే వదిలేశారు. పాపం, అప్పటికి డిస్క్ బ్రేకు పుట్టలేదేమో అని జాలిపడకండి. 1953లోనే జాగ్వార్ సీ-టైప్ డిస్క్ బ్రేకులతో లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ వాటిని మామూలు సంసారుల కారుకే తెచ్చింది. జీటీఓ కొనేవారికి డిస్కులు దొరికింది 1967 మోడల్ నుంచి. అదీ ముందు చక్రాలకే, అదీ అదనపు చార్జీ మీద.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది 1968 ప్లిమత్ రోడ్ రన్నర్. కార్టూన్ పక్షి పేరు, బొమ్మ వాడుకోవడానికి కంపెనీ వార్నర్ బ్రదర్స్‌కు 50 వేల డాలర్లు ఇచ్చింది. ఆ పక్షిలా కూసే హారన్‌ను ప్రత్యేకంగా చేయించి ప్రతి కారుకూ ఉచితంగా బిగించింది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కావాలంటే మాత్రం కొనేవాడే జేబులోంచి తీయాలి. ఎదుటివాణ్ని తప్పుకోమనడం కంపెనీ బాధ్యత, ఆగడం మీ సొంత సరదా.

ఇప్పుడు ప్రదర్శనశాలకు రండి. న్యాయనిర్ణేత ఒకరు కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో టార్చి, చిన్న అద్దం పట్టుకుని చక్రం వెనక్కి తొంగి చూస్తుంటారు. ఆయన వెతుకుతున్నది పగుళ్లు కాదు, చమురు లీకు అంతకన్నా కాదు. రంగు మరక. ఫ్యాక్టరీలో తనిఖీ అయిపోయిందనడానికి గుర్తుగా ఎవరో కార్మికుడు షిఫ్టు దిగే తొందరలో కుంచె తగిలించి వెళ్లాడు. ఆ మరక ఇవాళ శాసనం. యజమాని దాన్ని పాత ఫొటోలు చూసి తిరిగి వేయించాడు. రంగు కారిన చార కూడా వేయించాడు. సుద్దముక్క రాతలు కూడా రాయించాడు. చార మరీ తిన్నగా కారిందని న్యాయనిర్ణేతకు అనుమానం. అసలు కార్మికుడు ఇంత శ్రద్ధగా కారనిచ్చి ఉండడు. యజమాని ముఖం పాలిపోతుంది. చుట్టూ చేరిన నలుగురు పండితులు ఆ కుంచె ఎడమ నుంచి కుడికి వెళ్లిందా, కుడి నుంచి ఎడమకా అని చర్చ మొదలుపెడతారు. ఒకాయన ఆ ఫ్యాక్టరీలో పనివాడు ఎడమచేతి వాటమని కూడా తేలుస్తాడు. ఈ తతంగం పూర్తయ్యేలోగా ఒక్కరంటే ఒక్కరు బ్రేకు పెడల్ తొక్కి చూడరు.

కారు ప్రదర్శనశాలలోనే ఉండిపోతే నాకు ఏ పేచీ లేదు. హారతి ఇచ్చుకోండి. కానీ ఏటా ఆగస్టులో డెట్రాయిట్ పక్కన వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ ఊరేగుతాయి. పగలంతా ఆఫీసులో, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు సాఫ్ట్‌వేర్ రాసే మన తెలుగు ఇంజనీర్లు కూడా సాయంత్రం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి వాటి ముందు ఫొటోలు దిగుతారు. అక్కడ సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగాలి. వేగం రెట్టింపైతే ఆపడానికి వేడిగా మార్చాల్సిన శక్తి నాలుగు రెట్లు. ఆ వేడికి డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూకు దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు సడలుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. వాన నీళ్లు లోపలికి చేరితే ఆరేదాకా బ్రేకు సంగతి దైవాధీనం. ఒక పక్క చక్రం పట్టుకుని, రెండో పక్కది ఇంకా తటపటాయిస్తుంటే కారు పక్క లైనులోకి తిరుగుతుంది. వీటన్నిటికీ యజమాని చెప్పే సమాధానం ఒకటే: ఆ రోజుల్లో అందరూ ఇలాగే నడిపారు. నడిపారు. అందరూ తిరిగి ఇంటికి వచ్చారా?

అన్నిటికన్నా ఘోరం, పెడల్ తొక్కితే బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్. 1967 మోడళ్లకు ముందు చాలా అమెరికన్ కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే అర. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు అరల సిలిండర్‌ను క్యాడిలాక్, ఏఎంసీ కంపెనీలు 1962లోనే బిగించాయి. అదేమంత ఖరీదైన వస్తువు కాదు, బిగించడం బ్రహ్మవిద్యా కాదు. డ్రమ్ములు ఉంచుకున్నా సరే, అది మార్చుకోవచ్చు. అయినా మార్చరు, ఎందుకంటే బానెట్ ఎత్తగానే కనబడుతుంది, మార్కులు పోతాయి! సిగ్గుండాలి. మీ కారు ముందు రోడ్డు దాటుతున్న తల్లికి మీ మార్కులతో ఏం పని? ఆమె చేయి పట్టుకున్న పిల్లవాడు మీ ఒరిజినాలిటీకి సంతకం పెట్టాడా? మీ ప్రాణం మీ ఇష్టమని వాదిస్తే కాసేపు వింటాను. బ్రేకు ఉన్నది మీ ప్రాణం కోసమే అనుకోవడం మాత్రం మూర్ఖత్వం కాదు, దుర్మార్గం.

ధైర్యం చేసి డిస్కులు బిగించినవారు మాత్రం తక్కువ తిన్నారా? పాత మాస్టర్ సిలిండర్ అలాగే ఉంచుతారు. డ్రమ్ముల కోసం గొట్టంలో కాస్త ఒత్తిడి నిలిపే వాల్వు అందులో ఉండిపోతుంది, దాంతో ప్యాడ్లు డిస్కును వదలవు, చక్రం పొగలు కక్కుతుంది. కొందరు, ఇంజను వ్యాక్యూమ్ (పీల్చే బలం) సాయంతో పెడల్‌ను తేలిక చేసే పవర్ బూస్టర్ కూడా పెడతారు. గురకలాంటి ఇంజను శబ్దం కోసమే ఏరికోరి తెచ్చిన క్యామ్‌షాఫ్ట్ వల్ల ఇంజనులో వ్యాక్యూమ్ తగ్గి, బూస్టర్ సరిగ్గా పనిచేయదు. పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. క్యామ్ మార్చండి అని మెకానిక్ చెబితే, శబ్దం పోతుందని ఏడుపు ముఖం పెడతారు.

చివరికి అన్నీ సరిగ్గా కుదిరి, కారు చక్కగా ఆగుతోందనుకోండి. అప్పుడు అమ్మకానికి పెడతారు. ప్రకటనలో డిస్క్ బ్రేకుల సంగతి చిన్నగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు రాసి, కింద భరోసా ఇస్తారు: విప్పిన డ్రమ్ములు పెట్టెలో భద్రంగా ఉన్నాయి, కారుతోపాటే ఇస్తాం. కొనడానికి ఫోను చేసినవాడు మొట్టమొదట అడిగేది ఆ పెట్టె గురించే.