31వ తారీఖున అమ్మ ఎవరిది?

ఈ కాలం కొడుకులు అమ్మానాన్నలను చూడరని అభాండాలు వేసేవాళ్లు ఒకసారి మా వీధికి రావాలి. మా ఎదురింటి అన్నదమ్ములు అమ్మను పంచుకున్నంత న్యాయంగా పొలం కూడా పంచుకోలేదు. ఒకటి నుంచి పదిహేను దాకా పెద్దాడి వంతు, పదహారు నుంచి ముప్ఫై దాకా చిన్నాడి వంతు. తప్పేమన్నా ఉంటే క్యాలెండర్‌ది. ఏడాదిలో ఏడు నెలలకు 31 రోజులుంటాయని పెద్దమనుషులకు తోచలేదు.

31 వచ్చిందంటే, ‘వంతు నిన్నటితో అయిపోయింది కదత్తయ్యా’ అంటుంది చిన్నకోడలు. ‘మాది రేపట్నుంచి కదత్తయ్యా’ అంటుంది పెద్దకోడలు. మర్యాదకు లోటు లేదు. ఆవిడ రామాలయం అరుగు మీద కూచుంటుంది. పక్కన సంచిలో రెండు చీరలు, బీపీ మాత్రలు, ఆధార్ జిరాక్సు. కళ్లజోడుకి కాడ విరిగితే దారం కట్టుకుంది. మధ్యాహ్నం పూజారి గారు ఇంత పులిహోర పెడతారు. ఫిబ్రవరిలో చిన్నాడికి రెండు రోజులు మిగులుతున్నాయి కాబట్టి 31లు వాడే సర్దుకోవాలని పెద్దాడి వాదన. లెక్క నాకూ సబబుగానే ఉంది.

వీళ్ల మీద 2007లో ప్రభుత్వం ఓ చట్టం తెచ్చింది. పెద్దవాళ్లను వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆవిడ రాసిచ్చిన స్థలంలో గజం రేటే అంతకన్నా ఎక్కువ. అసలు టెన్షనంతా 23వ సెక్షన్‌తోనే. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ట్రిబ్యునల్ ఆ రిజిస్ట్రేషన్‌ని రద్దు చేయొచ్చు. ఇక్కడే మనవాళ్ల ముందుచూపు మెచ్చుకోవాలి. గిఫ్ట్ డీడ్‌లో తూర్పున డొంక, పడమర ప్రహరీ, నాలుగు హద్దులూ ఉన్నాయి. అమ్మకి అన్నం పెట్టే లైను లేదు. ‘ప్రేమాభిమానాలతో’ అని మాత్రం ఉంది. పత్రంలో షరతు లేకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టే అంది. 2025 జనవరిలో మరో తల్లి కేసులో మాత్రం అదే కోర్టు దానపత్రం రద్దు చేసింది. అక్కడ కొడుకు విడిగా ఇంకో కాగితం మీద కూడా మాట రాసిచ్చాడు, అమాయకుడు.

ఫిర్యాదుకి 14567 నంబరుంది. ఆవిడ ఫోను రీచార్జి 28 రోజులకి, వంతులేమో పదిహేనుకి. ఎవరి వంతులో అయిపోయిందో తేలేదాకా ఫోను మూగదే.

అలాగని ప్రేమ లేదనకండి. మా ఆంధ్రలో పింఛను 4 వేలు ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తారు, అంటే మామూలుగా పెద్దాడి వంతులోనే. చిన్నాడికి అదో తీరని దుఃఖం. 2024లో సెప్టెంబరు ఒకటి ఆదివారం పడింది. పింఛన్లు ముందురోజే, ఆగస్టు 31న పంచారు. ఆ పొద్దున ఆవిడ అలవాటుగా సంచితో అరుగెక్కిందో లేదో, వెనకే రెండు బైకులు ఆగాయి. ‘ఇక్కడ కూచున్నావేంటమ్మా, ఇంటికి రా’ అని ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకున్నారు. అరిగిపోయిన ఆ వేళ్లలో పింఛనుకి వేలిముద్ర తీసుకునే మిషన్‌కి పడేది కుడి చూపుడువేలు ఒక్కటే.

కుడిచెయ్యి పెద్దాడికి దొరికింది. అనుభవం మరి.